పెరటి హాట్ టబ్‌లో వేణ్ణీళ్లు కాచుకోవడం, వాటిని చెడకుండా ఉంచుకోవడం

అమెరికాలో, ముఖ్యంగా డాలస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్లేనో వంటి ఊళ్లలో సొంత ఇల్లు కట్టుకున్న తెలుగువారి పెరళ్లలో హాట్ టబ్, అంటే కూర్చుని సేదతీరే వేణ్ణీళ్ల తొట్టి, ఇప్పుడు అరుదైన వస్తువు కాదు. కొన్న కొత్తలో ఇంటిల్లిపాదీ రోజూ దిగుతారు. తర్వాత కరెంటు బిల్లు చూసి కొందరు, నీళ్లు మసకబారి వాసన కొడుతున్నాయని మరికొందరు మూత వేసి వదిలేస్తారు. ఈ రెండు ఇబ్బందుల్లోనూ చాలామంది నింద వేసేది హీటరు మీద, రసాయనాల డబ్బాల మీద. నిజానికి వేడిలో ఎక్కువ భాగం పోయేది నీటి పైభాగం నుంచి, మురికిలో ఎక్కువ భాగం వచ్చేది దిగినవారి ఒంటి నుంచి. ఈ రెండింటినీ అదుపులో పెట్టుకున్నవారికి మిగతా పని వారానికి గంట కూడా పట్టదు.

ముందు లెక్క తెలిస్తే ఆశ్చర్యపోవలసిన పని ఉండదు. నలుగురైదుగురు కూర్చోగల టబ్‌లో సుమారు 400 గ్యాలన్లు, అంటే 1500 లీటర్ల నీళ్లు పడతాయి. కుళాయి నీళ్లు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు వాటిని 39 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 42 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే ఆరు డాలర్ల పైచిలుకు. 240 వోల్టుల లైనుతో నడిచే 5.5 కిలోవాట్ల హీటరు ఈ పనిని ఇంచుమించు ఎనిమిది గంటల్లో పూర్తి చేస్తుంది. మామూలు ప్లగ్గులో పెట్టుకునే 120 వోల్టుల టబ్‌లో ఒకటిన్నర కిలోవాట్ల హీటరే ఉంటుంది కాబట్టి, వేడి ఏమాత్రం బయటికి పోదనుకున్నా ఒక పగలూ ఒక రాత్రీ దాటి ఇంకా నాలుగు గంటలు పడుతుంది. పైగా ఈ రెండో రకంలో చాలా మోడళ్లు, నీటిని ఒత్తిడితో చిమ్మే జెట్లు పూర్తి వేగంతో తిరుగుతున్నంతసేపూ హీటరును ఆపేస్తాయి. చలికాలంలో అరగంట కూర్చుంటే నీళ్లు చల్లబడుతున్నట్టు అనిపించడానికి ఇదే కారణం. అది రిపేరు కాదు.

కొత్తగా నింపిన నీళ్లను కాచేటప్పుడు మూత పూర్తిగా మూసి, జెట్లకు గాలి అందించే వాల్వులను కట్టేయాలి. ఆ వాల్వులు తెరిచి ఉంటే పంపు బయటి చల్లగాలిని పీల్చి నీళ్లలోకి బుడగలుగా వదులుతుంది. హీటరు ఒకవైపు కాస్తుంటే గాలి మరోవైపు చల్లారుస్తుంది. నీళ్లు నింపేటప్పుడు గొట్టాన్ని నేరుగా టబ్‌లోకి కాక ఫిల్టరు ఉండే గూటిలోకి పెడితే గొట్టాల్లోని గాలి బయటికి తన్నుకుపోతుంది. అలా చేయనప్పుడు పంపు చప్పుడు చేస్తూ తిరుగుతుంది గానీ నీళ్లు కదలవు. అప్పుడు కరెంటు ఆపి, పంపును గొట్టానికి కలిపే యూనియన్ బిగింపును కొద్దిగా వదులు చేసి, బుస్సుమని గాలి పోయి నీటి చుక్కలు కనిపించగానే మళ్లీ బిగించాలి.

ఇక మూత సంగతి. ఒక్క లీటరు నీరు ఆవిరైతే దానితోపాటు యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడి వెళ్లిపోతుంది. 1500 లీటర్ల నీళ్లు ఆ ఒక్క లీటరు వల్ల ఒక డిగ్రీలో మూడో వంతుకు పైగా చల్లబడతాయి. గాలి వీచే రాత్రి మూత తెరిచి మరచిపోతే ఎన్ని లీటర్లు ఆవిరవుతాయో ఊహించుకోవచ్చు. అందుకే హీటరును ఎంత ఖరీదైనది పెట్టించుకున్నారన్నదానికంటే మూత ఎలా ఉందన్నది బిల్లును ఎక్కువగా నిర్ణయిస్తుందని నా అభిప్రాయం. మూత లోపల ఉండే నురుగుపలక చుట్టూ ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది చిరిగితే ఆవిరి పలకలోకి చేరి, అది నీళ్లు తాగి, ఏడాది తిరిగేసరికి ఇద్దరు పట్టినా లేవనంత బరువెక్కుతుంది. తడిసిన పలక వేడిని ఆపలేదు. ఎండలో పెట్టి ఆరబెట్టే ప్రయత్నాలు ఫలించవు, మార్చుకోవడమే మేలు. చలిగా ఉన్న తెల్లవారుజామున ఒకసారి టబ్ చుట్టూ తిరిగి చూడండి. మూత మధ్య మడత దగ్గర గానీ అంచుల్లో గానీ ఆవిరి లేస్తుంటే అక్కడ వేడి కారుతున్నట్టే. మూత కింద నీటి మీద తేలేలా పరిచే పలచని దుప్పటి కూడా దొరుకుతుంది. ధరకు తగిన ఉపయోగం ఉన్న కొద్ది వస్తువుల్లో అదొకటి.

ఉష్ణోగ్రతను వాడనప్పుడు తగ్గించాలా, ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచాలా అన్న వాదన తెగదు. "చల్లారనిచ్చి మళ్లీ కాస్తే ఎక్కువ ఖర్చు" అని చాలామంది గట్టిగా చెబుతారు, కానీ భౌతికశాస్త్రం దీనికి ఒప్పుకోదు. నీటికీ బయటి గాలికీ మధ్య తేడా ఎంత ఎక్కువగా ఉంటే వేడి అంత త్వరగా పోతుంది. చల్లగా ఉన్న నీళ్లు తక్కువ పోగొట్టుకుంటాయి, కాబట్టి తగ్గించి ఉంచిన ప్రతి గంటా ఎంతో కొంత ఆదాయే. అయితే మంచి మూత, మంచి ఇన్సులేషన్ ఉన్న టబ్ రాత్రికి రాత్రి ఒకటి రెండు డిగ్రీలు మాత్రమే దిగుతుంది గనక రోజూ తగ్గించి పెంచడం వల్ల మిగిలేది స్వల్పం. శని, ఆదివారాలు మాత్రమే దిగేవారు, ఊరెళ్లేవారు తగ్గించుకుంటే లాభం కనిపిస్తుంది. రాత్రిపూట కరెంటు చవకగా ఇచ్చే ప్లాన్ ఉన్నవారు ఫిల్టరు తిరిగే వేళలనూ కాచే వేళలనూ ఆ గంటల్లోకి మార్చుకోవచ్చు. టెక్సాస్ ఎండాకాలంలో మాత్రం సమస్య తిరగబడుతుంది: హీటరు ఆగిపోయినా పంపు మోటారు వేడికే నీళ్లు మరిగినట్టవుతాయి. అప్పుడు ఫిల్టరు తిరిగే గంటలు తగ్గించి, పొద్దుగుంకాక మూత కాసేపు తీసి ఉంచాలి.

వేడి ఎంత ఉండాలన్నదానికి పైహద్దు 104 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 40 సెల్సియస్. పెద్దలకు 100 నుంచి 102 మధ్య హాయిగా ఉంటుంది. ఒక్కసారి దిగితే పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. ఐదేళ్ల లోపు పిల్లలను దింపకూడదు. గర్భిణులు, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగాకే దిగాలి. మద్యం తాగి దిగడం ప్రమాదకరం; వేడికి రక్తనాళాలు సడలి, రక్తపోటు పడిపోయి, మత్తులో ఉన్న మనిషి నీళ్లలోనే సొమ్మసిల్లవచ్చు. పొడవైన జడ ఉన్న ఆడపిల్లలున్న ఇళ్లలో మరో మాట చెప్పాలి. 2002లో వర్జీనియా గ్రేమ్ బేకర్ అనే ఏడేళ్ల బాలిక, అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, హాట్ టబ్ అడుగున నీటిని పీల్చే రంధ్రానికి అతుక్కుపోయి మునిగి మరణించింది. ఆమె పేరుతోనే 2007లో ఆ రంధ్రాల మూతల గురించి కేంద్ర చట్టం వచ్చింది. ఆ మూత పగిలినా ఊడినా టబ్‌ను ఆ క్షణం నుంచి వాడకూడదు. జుట్టు ముడివేసుకోకుండా ఎవరినీ దిగనివ్వకూడదు.

నీళ్లు శుభ్రంగా ఉండాలంటే మొదటి రసాయనం సబ్బు, అది కూడా బయట బాత్రూములో. చెమట, లోషన్లు, తలనూనె, ఉతికిన స్విమ్ సూట్‌లో మిగిలిన డిటర్జెంటు, ఇవన్నీ క్లోరిన్‌ను తినేస్తాయి. మన ఇళ్లకు దీనిలో ప్రత్యేకమైన చిక్కు ఉంది. దీపావళికో భోగికో నూనె రాసుకుని, నలుగు పెట్టుకుని, సగం కడుక్కుని వేడినీళ్లు సిద్ధంగా ఉన్నాయి కదా అని టబ్‌లో దిగితే, నీటి మట్టం దగ్గర జిడ్డు గీత పడుతుంది, ఫిల్టరు మడతలు పసుపు రంగు తేలి మూసుకుపోతాయి. కుంకుడు రసం తలలో మిగిలితే జెట్లు వేయగానే నురగ టబ్ అంచు దాటుతుంది. అభ్యంగన స్నానం ఇంట్లో పూర్తి చేసి, తల ఆరాక దిగడం అందరికీ మంచిది.

నీళ్లలో ముంచితే రంగు మారి రసాయనాల మోతాదు చూపే పరీక్ష పట్టీలతో వారానికి రెండు మూడుసార్లు నీళ్లు చూడాలి. రోజూ దిగేవారు రోజూ చూడాలి. ముందు క్షారతను, అంటే ఆల్కలినిటీని, 80 నుంచి 120 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు) మధ్యకు తేవాలి. తక్కువైతే వంటసోడా వేస్తే చాలు. క్షారత కుదిరాక పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత, 7.2 నుంచి 7.8 మధ్య నిలబడుతుంది. హాట్ టబ్‌లో పీహెచ్ ఎప్పుడూ పైకే పోతుంటుంది, ఎందుకంటే జెట్ల బుడగలు నీళ్లలోని కార్బన్ డయాక్సైడును తరిమేస్తాయి. దించడానికి సోడియం బైసల్ఫేట్ పొడి కొద్దికొద్దిగా వాడాలి. కాల్షియం 150 నుంచి 250 పీపీఎం మధ్య ఉంటే మంచిది. అంతకంటే చాలా ఎక్కువైతే హీటరు మీద తెల్లటి పెచ్చు కట్టి, అది వేడిని నీళ్లకు అందనివ్వదు. మరీ తక్కువైతే నురగ వస్తుంది, లోహం తినేస్తుంది.

క్రిములను చంపే క్లోరిన్ కనీసం 3 పీపీఎం, దాని బదులు బ్రోమిన్ వాడితే 4 నుంచి 8 పీపీఎం ఎల్లవేళలా ఉండాలి. వేణ్ణీళ్లలో క్లోరిన్ త్వరగా ఖర్చవుతుంది, అదే వేడిలో సూడోమోనాస్, లెజియొనెల్లా వంటి బాక్టీరియా హాయిగా పెరుగుతాయి. మొదటిది ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు తెస్తే, రెండోది బుడగలతో లేచే తుంపరల ద్వారా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. ఓజోన్ యంత్రం ఉన్నంత మాత్రాన క్లోరిన్ మానేయకూడదు. 1500 లీటర్లకు 3 పీపీఎం రావాలంటే డైక్లోర్ అనే క్లోరిన్ పొడి సుమారు 8 గ్రాములు సరిపోతుంది. అయితే డైక్లోర్‌తో పాటు సయన్యూరిక్ ఆమ్లం కూడా నీళ్లలో చేరి అక్కడే ఉండిపోతుంది. రోజుకు ఇంత చొప్పున నెల రోజులు వేస్తే అది 80 పీపీఎం దాకా పేరుకుని క్లోరిన్ బలాన్ని చంపేస్తుంది. పట్టీ క్లోరిన్ బాగానే ఉందని చూపుతుంటే దద్దుర్లు ఎందుకు వచ్చాయన్న ప్రశ్నకు తరచూ జవాబు ఇదే. అందుకని మొదటి వారం పది రోజుల తర్వాత సువాసనలు, చిక్కదనం కలపని మామూలు బ్లీచ్‌కు మారడం మంచిది. 6 శాతం బ్లీచ్ అయితే 75 మిల్లీలీటర్లు అదే పని చేస్తుంది. ఈత కొలనుల్లో వేసే ట్రైక్లోర్ బిళ్లలు మాత్రం వద్దు. అవి ఆమ్లగుణం ఎక్కువై టబ్ పైపొరనూ హీటరునూ పాడుచేస్తాయి.

ఘాటైన క్లోరిన్ వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని చాలామంది మూత తీసి కూర్చుంటారు. ఆ వాసన చెమటతో కలిసిపోయి చేవ చచ్చిన క్లోరిన్‌ది. అప్పుడు ఇంకా వేయాలి, లేదా పొటాషియం మోనోపర్‌సల్ఫేట్‌తో షాక్ ఇవ్వాలి, అంటే మురికిని కాల్చేసేలా ఒకేసారి పెద్ద మోతాదు వేయాలి. ఏ పొడి వేసినా ఒక్కొక్కటిగా, పంపు తిరుగుతుండగా, మూత ఇరవై నిమిషాలు తెరిచి ఉంచి వేయాలి. రెండు రసాయనాలను ఒకే గిన్నెలో, ఒకే చెంచాతో కూడా కలపకూడదు. బ్లీచ్, ఆమ్లం కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

ఫిల్టరును వారం, రెండు వారాలకు ఒకసారి తీసి, మడతల మధ్య నీటి ధార పెట్టి కడగాలి. నెలకోసారి ఫిల్టరు క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టాలి. రెండు ఫిల్టర్లు కొని ఒకటి ఆరుతుండగా రెండోది వాడుకుంటే టబ్ ఆగదు. ప్యానెల్ మీద నీటి ప్రవాహం తగ్గిందన్న సంకేతం వచ్చి హీటరు ఆగిపోతే, మెకానిక్కును పిలిచే ముందు ఫిల్టరు తీసి ఐదు నిమిషాలు నడిపి చూడండి. హీటరు మళ్లీ అందుకుంటే తప్పు ఫిల్టరుదే. దానికి సర్వీసు చార్జీ కట్టనక్కర్లేదు.

మూడు నాలుగు నెలలకోసారి నీళ్లు పూర్తిగా మార్చాలి. మార్చే ముందు గొట్టాలు శుభ్రం చేసే ద్రవం పోసి జెట్లు నడిపితే లోపల పట్టిన జిగట పొర తెట్టలా తేలుతుంది. మొదటిసారి చూసినవారు మళ్లీ ఆ పని వాయిదా వేయరు. నీళ్లు వదిలే ముందు బ్రేకర్ ఆపడం మరవకూడదు, ఎందుకంటే నీళ్లు లేకుండా వెలిగిన హీటరు క్షణాల్లో కాలిపోతుంది. మూత తెరిచి రెండు మూడు రోజులు ఎండ తగలనిచ్చి, క్లోరిన్ సున్నాకు వచ్చాకే నీళ్లను గడ్డి మీదికి వదలాలి. కరివేపాకు కుండీకి మాత్రం పోయకండి.

ఈ టబ్‌లకు జీఎఫ్‌సీఐ బ్రేకర్, అంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు, తప్పనిసరి. దాని టెస్ట్ మీటను నెలకోసారి నొక్కి అది పడిపోతోందో లేదో చూడాలి. ఆ వైరింగ్ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించాల్సిందే.

గడ్డకట్టే చలిలో కరెంటు పోయినప్పటి జాగ్రత్తను టెక్సాస్‌వారు 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో నేర్చుకున్నారు. నీళ్లు గడ్డకట్టకుండా పంపును తిప్పే ఫ్రీజ్ ప్రొటెక్షన్ టబ్‌కు ఉన్నా, అది కరెంటు ఉంటేనే పనిచేస్తుంది. మూత గట్టిగా బిగించి ఉంచితే టబ్‌లోని వేణ్ణీళ్లు ఒక రోజుకు పైగా గడ్డకట్టవు గానీ, పంపులో, సన్నని గొట్టాల్లో నిలిచిన కొద్దిపాటి నీళ్లు అంతకంటే ముందే గడ్డకట్టి వాటిని పగలగొడతాయి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియకపోతే, బ్రేకర్ ఆపి, నీళ్లు ఇంకా వేడిగా ఉండగానే టబ్ ఖాళీ చేసి, పంపు అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు తీసి, గొట్టాల్లో మిగిలినదాన్ని బ్యాటరీతో నడిచే బ్లోయరుతో ఊదేయాలి. కరెంటు వచ్చాక ముందు ప్లగ్గులు బిగించి, ఫిల్టరు గూటి ద్వారా నీళ్లు నింపి, పంపు చుట్టూ ఎక్కడా కారడం లేదని చూసుకున్న తర్వాతే బ్రేకర్ వేయాలి.