సంక్రాంతి పందేలకు ముందు: పగ్గం చేతికి చుట్టకండి

పక్క ఊరి కుర్రాడు మొన్న రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. స్వారీ చేస్తూ పడిపోయి కాదు. చెరువులో నీళ్లు తాగించి గుర్రాన్ని నడిపించుకుని వస్తుంటే ఎవరో పిల్లలు టపాకాయ పేల్చారు. గుర్రం బెదిరింది. పగ్గం అతని అరచేతికి రెండు చుట్లు చుట్టి ఉంది. ఆసుపత్రిలో కట్టు కడుతుంటే కూడా "గుర్రం దొరికిందా బాబాయ్?" అనే అడిగాడు. అప్పటికి అది పాకలో ఉలవలు తింటోంది.

అనకాపల్లి చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతికీ, ఆ తర్వాత తీర్థాలకూ గుర్రపు పందేలు జరుగుతాయి. మన కుర్రాళ్లు కూడా చందాలు వేసుకుని 4 గుర్రాలు కొని సంఘం పెట్టుకున్నారు. కోతలైపోయాయి, సాధన మొదలవుతుంది. హెల్మెట్ పెట్టుకోవాలని, తాగి ఎక్కకూడదని మీకు వేరే చెప్పక్కరలేదు. నేను చెప్పేది పగ్గం గురించి.

మనవి సేద్యం చేసిన చేతులు. ఎద్దు పగ్గాన్ని, గేదె పలుపును చేతికి చుట్టుకోవడం మనకు చిన్ననాటి అలవాటు. ఎద్దుకు ముకుతాడు ఉంటుంది, గుంజితే నొప్పికి ఆగుతుంది. గుర్రానికి ముకుతాడు లేదు. బెదిరిన గుర్రం నొప్పి పుడితే ఆగదు, ఇంకా పరుగెడుతుంది. 350 కిలోల జంతువు లాగేకొద్దీ చుట్టు బిగుస్తుంది. ఇక విప్పుకునే వ్యవధి ఉండదు.

మిగిలిన తాడును ముందుకూ వెనక్కూ మడతలు వేసి పిడికిట్లో పట్టుకోండి. మడతల్లోకి వేళ్లు దూర్చకండి. గుంజుకుంటే మడతలు జారిపోతాయి. జారనివ్వండి, వదిలేయండి. అంత డబ్బు పోసి కొన్నది పోతుందేమోనన్న భయమే మీ చేత చుట్టు వేయిస్తుంది. గుర్రం చాలావరకు దాణా పెట్టే చోటికే చేరుకుంటుంది.

కట్టేటప్పుడూ ఇంతే. ట్రాక్టరు ట్రాలీకి, మంచానికి, మోటారు సైకిలుకు కట్టకండి. పాతిన గుంజకు, ఒక్క లాగుకు ఊడే ముడితో కట్టండి. నడుముకు కట్టుకోకండి. పిల్లల చేతికి అసలే ఇవ్వకండి.

మేత మాటా చెప్పాలి. కళ్లాల్లో కొత్త ధాన్యం రాశులున్న రోజులివి. గుర్రం వాంతి చేసుకోలేదు. రాశిలో మూతి పెట్టి కడుపు నిండా తిన్నదంటే నొప్పితో పొర్లుతుంది, తర్వాత గిట్టల లోపల వాచి నిలబడలేకపోతుంది. వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. గొట్టంతో నాటుమందు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సరిగ్గా తోక వెనక ఉన్నది గుర్రానికి కనిపించదు. పలకరిస్తూ భుజం వైపు నుంచి వెళ్లండి. రికాబులో పాదం ముందు భాగమే ఉండాలి, మడమ ఉన్న బూట్లే వేసుకోవాలి. చెప్పులతో ఎక్కకండి. జీను పట్టీ ఎక్కే ముందు ఒకసారి, నాలుగడుగులు నడిపించాక మరోసారి బిగించండి. తారురోడ్డు మీద దౌడు తీయించకండి, లాడాలు జారతాయి. గట్ల మీద ఎలుక బొరియలుంటాయి, ముందు నడిచి చూడండి. మినుములు చల్లిన మళ్లలో అడుగు పెట్టకండి. అడవిపందుల కోసం కరెంటు తీగలు లాగిన పొలాలుంటాయి, చీకట్లో వెళ్లకండి. గిట్టలో మేకు దిగితే ధనుర్వాతం ఇంజెక్షన్ చేయించండి. కొత్త గుర్రాన్ని గ్లాండర్స్ రక్తపరీక్ష కాకుండా మిగతావాటితో కట్టకండి, ఆ జబ్బు మనుషులకూ సోకుతుంది. ఒంటరిగా సాధన చేయకండి. పగ్గం చేతికి చుట్టకండి.

భోగి ముందు రోజు చీకటి పడేలోగా గుర్రాలన్నీ మంటలకు, మైకులకు దూరంగా పాకలో ఉండాలి. సాధనకు దిగే ముందు ఒకరి చెయ్యి ఒకరు చూసుకోండి. చుట్టు కనిపిస్తే ఆ కుర్రాడు ఆ రోజు గుర్రాన్ని ముట్టుకోకూడదు.