గోధుమ బిస్కెట్లా, క్యారెట్టా? పోషకాలు పోల్చి చూసుకోవడం ఎలా?

సాయంత్రం పిల్లలు స్కూల్ నుంచి రాగానే మన బెజవాడ ఇళ్ళల్లో చాలామంది "గోధుమవే కదా, మంచివే" అని బిస్కెట్ ప్యాకెట్ విప్పేస్తారు. ఎంత మంచివో మీరే లెక్కేసుకోవచ్చు. ఒక ప్యాకెట్, పటమట రైతుబజార్లో దొరికే మామూలు క్యారెట్లు, వంటింట్లో వాడే చిన్న కాటా, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి, ముందు వైపు గోధుమ కంకుల బొమ్మని అస్సలు పట్టించుకోవద్దు. ఇంగ్రీడియెంట్స్ అన్నీ బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలని రూల్ ఉంది, కాబట్టి మొదట ఏది రాశారో అదే అందులో ఎక్కువ. అక్కడ రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అని కనిపిస్తే అది మైదానే. హోల్ వీట్ లేదా ఆటా అని ఉంటే పక్కన ఎంత శాతమో చూడండి, అలాగే చక్కెర, పామాయిల్ ఎన్నో నంబర్లో వచ్చాయో కూడా.

తర్వాత పోషకాల టేబుల్లో 100 గ్రాములకి అని ఉన్న కాలమ్ నుంచి కేలరీలు, ప్రొటీన్, పీచు, కొవ్వు, కలిపిన చక్కెర, సోడియం రాసుకోండి.

క్యారెట్‌కి లేబుల్ ఉండదు కదా, దానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూడాలి. ఒక్క జాగ్రత్త, అందులో శక్తి కిలోజౌల్స్‌లో ఉంటుంది, 4.184తో భాగిస్తేనే కేలరీలు వస్తాయి, అది మర్చిపోతే క్యారెట్‌కి నాలుగింతలు ఎక్కువ వేసేసినట్టే.

ఇప్పుడు అసలు పాయింట్. 100 గ్రాములకి 100 గ్రాములు పెట్టి చూస్తే బిస్కెట్టే గెలిచినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే క్యారెట్‌లో దాదాపు 88 శాతం నీళ్ళే, బిస్కెట్ పొడిగా ఉంటుంది. మీ ప్యాకెట్ మీద 480 కేలరీలు, 5 గ్రాముల పీచు అని ఉందనుకోండి, క్యారెట్‌లో సుమారు 40 కేలరీలు, 3 గ్రాముల పీచు. అందుకే పీచుని కేలరీలతో భాగించి 100తో గుణించండి: ప్రతి 100 కేలరీలకి బిస్కెట్ ఇచ్చేది 1 గ్రాము, క్యారెట్ ఇచ్చేది 7 గ్రాముల పైనే. నాకైతే ఈ ఒక్క లెక్కే అన్నిటికంటే ముఖ్యం అనిపిస్తుంది. ప్రొటీన్‌కి, సోడియంకి కూడా ఇలాగే చేయండి.

కానీ 100 కేలరీల కోసం ఎవరూ పావుకిలో క్యారెట్లు కూర్చుని తినరు, కాబట్టి మీ పిల్లలు నిజంగా తినేది కాటా మీద పెట్టండి. నాలుగు బిస్కెట్లు 60 గ్రాములు తూగితే పై లెక్కన 288 కేలరీలు, 3 గ్రాముల పీచు, అదే 100 గ్రాముల క్యారెట్ ముక్కలైతే ఇంచుమించు అంతే పీచు, కేలరీలు మాత్రం 40. ఆకలి మీదున్న పిల్లాడికి అవి చాలవు నిజమే, పక్కన గుప్పెడు వేయించిన పల్లీలు పెట్టండి.

క్యారెట్‌ని వేపుడు చేస్తే మాత్రం నూనె లెక్క విడిగా కలపాలి, పెద్ద స్పూన్ నూనె అంటేనే దగ్గర దగ్గర 120 కేలరీలు. అలాగని నూనె మొత్తం మానేయక్కర్లేదు, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఏగా మారే పదార్థం) ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి, ఆ పల్లీల్లో ఉన్నది సరిపోతుంది.