పాత అనాలిసిస్ టూల్ మొరాయిస్తే ముందు దాని వయసు కనుక్కోండి

ఎర్రర్ రాగానే కోడ్ మీద చెయ్యి వెయ్యకండి. నేను మొదట్లో చేసిన తప్పు అదే. ల్యాబ్‌లో సీనియర్ వదిలివెళ్లిన 2019 నాటి పైథాన్ స్క్రిప్ట్ రన్ చేస్తే, అంకెల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ నంపైలో ‘ఫ్లోట్’ అనేదే లేదంటూ ఆగిపోయింది. ఆ పేరు వాడొద్దని నంపై 1.20 నుంచి హెచ్చరిస్తూ వచ్చి, 1.24లో తీసేశారు. ఆ లైను మార్చాను. ఈసారి పట్టికల డేటా కోసం వాడే పాండాస్ లైబ్రరీలో ‘అపెండ్’ లేదంది. అది 2.0లో పోయింది. అదీ మార్చాను. సాయంత్రానికి, వచ్చిన అంకెలు టూల్ లెక్కగట్టినవో, నా మార్పుల వల్ల వచ్చినవో తేల్చుకోలేకపోయాను.

అందుకే ముందు వయసు. రీడ్‌మీ, రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (కావలసిన ప్యాకేజీల జాబితా), చివరిసారి మార్చిన తేదీ చూడండి. ‘ప్రింట్’ పక్కన బ్రాకెట్లు లేకపోతే అది పైథాన్ 2. దాన్ని పైథాన్ 3లోకి మార్చేటప్పుడు భాగహారాలన్నీ వెతకండి: 7/2 అక్కడ 3, ఇక్కడ 3.5.

తర్వాత ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే కోండాలో, ఆ కాలపు వెర్షన్ల కోసం విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ తెరవండి. నా స్క్రిప్ట్‌కి పైథాన్ 3.7, నంపై 1.17, పాండాస్ 0.25 సరిపోయాయి. మూడింటినీ వెర్షన్ నంబర్లతో ఒకే కమాండ్‌లో ఇవ్వండి. ఒక్కొక్కటిగా వేస్తే, తర్వాత వచ్చేది ముందుదాన్ని అప్‌గ్రేడ్ చేసేయొచ్చు. ‘డీటైప్ సైజ్ చేంజ్డ్’ అని వస్తే తప్పు మీ కోడ్‌ది కాదు. ఏదో ప్యాకేజీ వేరే నంపైతో కంపైల్ అయివుంది, దాన్ని తీసి మళ్లీ వెయ్యండి.

ఫోర్ట్రాన్ టూల్ అయితే, జీఫోర్ట్రాన్ కంపైలర్ 10వ వెర్షన్ నుంచి ఆర్గ్యుమెంట్ల టైపులు కలవకపోవడాన్ని ఎర్రర్‌గా చూపిస్తుంది. దాన్ని వార్నింగ్‌గా తగ్గించే ఫ్లాగ్ (కమాండ్‌లో ఇచ్చే ఆప్షన్) ఉంది. పాత లైబ్రరీ దొరకలేదంటే మాత్రం కొత్తదానికి పాత పేరుతో లింకు పెట్టకండి, దయచేసి. కంటైనర్‌లో, అంటే మీ సిస్టమ్‌కి తగలకుండా విడిగా నడిచే చోట, పాత సిస్టమ్‌నే తెచ్చుకోండి.

నన్ను అసలు భయపెట్టేది ఎర్రర్ ఇవ్వని మార్పు. గణాంకాల భాష ఆర్‌లో సీడ్ (ర్యాండమ్ అంకెల వరుసను మొదలుపెట్టే సంఖ్య) 42 పెట్టి 1 నుంచి 10 వరకు అంకెలను శాంపుల్ చేయండి. ఆర్ 3.6కి ముందైతే మొదట 10 వస్తుంది, 3.6 నుంచి 1 వస్తుంది. సీడ్ అదే, కోడ్ అదే, ఒక్క వార్నింగ్ కూడా ఉండదు. డేటాను ర్యాండమ్‌గా కలిపి చూసే పర్మ్యుటేషన్ టెస్ట్‌లో పీ విలువ (ఫలితం యాదృచ్ఛికమో కాదో అంచనా వేసే అంకె) కొంచెం జరిగితే డేటానే అనుమానిస్తాం. నేను రెండు రోజులు అలాగే డేటా తవ్వాను. ఆర్‌లో శాంపుల్ కైండ్ అనే సెట్టింగ్‌ని ‘రౌండింగ్’ అని పెడితే పాత వరుస తిరిగొస్తుంది. పాత ఫలితాన్ని సరిచూసుకోవడానికే అది వాడండి, కొత్త పనికి వద్దు.

టూల్‌తో వచ్చిన ఉదాహరణ డేటాను ముందు నడిపి, అవుట్‌పుట్‌ని పాతదానితో డిఫ్ చేయండి, అంటే తేడాలు పోల్చి చూడండి. చివరి దశాంశాల్లో తేడా ఉంటే పర్వాలేదు. మూడో అంకెలోనే తేడా కనిపిస్తే మీ డేటాను ఇంకా ముట్టుకోకండి.