తోలు మీద పుర్రె చెక్కడం ఎలా?

మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ కంచెకు ఒక రేకు బోర్డు వేలాడుతుంది. పైన ఒడియాలో ఒక మాట, కింద ఇంగ్లీషులో ఒక మాట, మధ్యలో ఎర్రటి పుర్రె, దాని కింద ఇంటూ మార్కులా రెండు ఎముకలు. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, టీవీలో హిందీ వింటూ బరంపురంలో పెరిగిన నేను అన్నిటికంటే ముందు చదవడం నేర్చుకున్నది ఆ పుర్రెనే. అది అక్కడ ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనే రాశారు. హిందీలోనో ఇంగ్లీషులోనో ఒక హెచ్చరిక, జిల్లాలో మాట్లాడే భాషలో ఇంకొకటి, వాటితోపాటు పుర్రె, ఎముకల గుర్తు తప్పకుండా పెట్టాలన్నారు. అక్షరం రాని మనిషికి కూడా ప్రాణం కాపాడే మాట చేరాలంటే అంతకన్నా మంచి బొమ్మ దొరకదు.

తోలు పనిలోకి వచ్చాక చూస్తే, పర్సు మీద వేయమని, బండి సంచి మీద వేయమని కుర్రాళ్లు ఎక్కువగా అడిగేదీ దాన్నే. పువ్వులు వేస్తానంటే సరేనంటారు. పుర్రె అనగానే స్టూలు ముందుకు జరుపుకుంటారు.

ఎందుకింత మోజు అంటే, నాకు అర్థమైనంతలో సగం సంగతి మన కంటిలోనే ఉంది. రెండు నల్లటి గుంటలు, వాటి మధ్య కాస్త కిందగా ఇంకొకటి కనిపిస్తే చాలు, మన బుర్ర దాన్ని ముఖం అనుకుంటుంది. గోడకున్న మూడు రంధ్రాల ప్లగ్గులోనూ ముఖమే కనిపిస్తుంది. అయితే పుర్రెకు రెప్పల్లేవు, పెదవుల్లేవు. అది కోపంగా ఉందో నవ్వుతోందో చూసేవాళ్లే పూరించుకోవాలి. అందుకే చెక్కేటప్పుడు నేను పట్టుకునే సూత్రం ఒకటే. గుంటలు సరిగ్గా దిగితే ఎముక దానంతట అదే పైకొస్తుంది. కింద చెప్పే పనంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1. తోలు ఎంచుకోండి

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. నా మొదటి ప్రయత్నానికి ఒక కొట్లో మెత్తటి నల్లతోలు కొన్నాను. "ఏ తోలైనా ఒకటే బాబూ" అన్నాడు కొట్టాయన. ఆదివారమంతా కూర్చుని కొట్టాను. సాయంత్రానికి కొట్టిన గుర్తులన్నీ ఉబ్బిపోయి, తోలు మళ్లీ మొదట్లో ఉన్నట్టే తయారైంది. అది క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలు. చొక్కా గుడ్డలా మెత్తగా ఉంటుంది, నీటికి తట్టుకుంటుంది, కానీ అచ్చు నిలుపుకోదు.

మనకు కావలసింది చెట్ల చెక్కలతో, కాయలతో శుద్ధి చేసిన తోలు. మన ఊళ్లలో వెనకటికి లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి తోళ్లు ఊరబెట్టేవారు కదా, ఆ పద్ధతిది. చెక్కలో ఉండే టానిన్ తోలు పీచులను పట్టి ఉంచుతుంది. తడిపితే మెత్తబడుతుంది, నొక్కిన చోట నొక్కినట్టే ఆరుతుంది. కొనేటప్పుడు వెజిటబుల్ టాన్ అని అడగండి. అడిగి ఊరుకోకండి. అంచున ఒక చుక్క నీళ్లు వేసి, నిమిషం ఆగి బొటనవేలి గోటితో నొక్కండి. గోటి గీత అలాగే నిలిచిపోతే తీసుకోవచ్చు. కోసిన అంచు మధ్యలో నీలిబూడిద రంగు కనిపిస్తే వదిలేయండి.

మందం రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. వీపు భాగంలో ముక్క అడగండి, పొట్ట భాగం సాగిపోతుంది. మొదటి పనికి 12 సెంటీమీటర్ల వెడల్పు, 14 సెంటీమీటర్ల పొడవు ముక్క చాలు. సంచి మీద కుట్టుకోవచ్చు. దాంతోపాటు ఒక చిన్న తునక కూడా కోసి పక్కన పెట్టుకోండి. ప్రతి పనీ ముందు దాని మీద చేసి చూడాలి.

2. పనిముట్లు

స్వివెల్ నైఫ్ (గీతలు కోసే, అటూఇటూ తిరిగే కత్తి), బెవెలర్ (కోత పక్కన తోలును కిందికి దింపే అచ్చు), మోడలింగ్ స్పూన్ (అంచులు రుద్ది నునుపు చేసే చెంచా), పేర్ షేడర్ (పల్లాలు నొక్కే అచ్చు). ఈ నాలుగూ ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొట్టడానికి చెక్క సుత్తి వాడండి. ఇనుప సుత్తితో కొడితే బెవెలర్ తల చితికిపోతుంది. కింద వేసుకోవడానికి గ్రానైట్ ముక్క కావాలి, బండలు కోసే చోట అడిగితే ఊరికే ఇస్తారు. స్పాంజి, ట్రేసింగ్ కాగితం, సిరా అయిపోయిన బాల్ పెన్ను, పార్శిళ్లకు అంటించే వెడల్పాటి టేపు. మీకు తెలిసిన చెప్పులు కుట్టే ఆయన ఉంటే ఒక పూట ఆయన పక్కన కూర్చోండి. ఆరె (రంధ్రాలు పొడిచేది), రంపె (తోలు కోసే కత్తి) ఎలా పట్టుకోవాలో ఆ చేతుల్ని చూస్తే తెలిసినంతగా ఏ వీడియో చూసినా తెలియదు.

3. ఎలాంటి పుర్రె కావాలో తేల్చుకోండి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. ఇక్కడ ఆ మాటను అక్షరాలా తీసుకోవాలి.

నేను కాగితం మీద బొమ్మలు గీస్తుంటే మా పిన్ని చూసి, "ఏట్రా బాబూ, ఇంట్లో పుర్రె ఏటి?" అని బెంగపడింది. గోడ మీద క్యాలెండర్‌లో కాళికమ్మ మెడలో ఉన్న దండ చూపించాను. "అమ్మవారి మెడలో ఉంటే వేరు" అంది. ఆవిడ మాట నాకు బాగా పనికొచ్చింది. పుర్రె ఎక్కడ కూర్చుంది, ఎవరి ఒంటి మీద ఉంది అన్నదాన్ని బట్టి దాని అర్థం మారిపోతుంది.

భువనేశ్వర్‌లో 8వ శతాబ్దపు వైతాళ్ దేవళం ఉంది. లోపల చీకట్లో చాముండి, మెడలో పుర్రెల దండ. అక్కడి పుర్రె కాలాన్ని గుర్తుచేస్తుంది. మెక్సికోలో నవంబరు 1, 2 తేదీల్లో పోయినవాళ్లను తలచుకుంటూ పంచదారతో పుర్రెలు చేసి రంగులు పూస్తారు. ఆ దేశపు చిత్రకారుడు హోసే గ్వాదలూపే పోసాదా గీసిన పుర్రె అయితే పెద్ద టోపీ పెట్టుకున్న దొరసాని. డాబు ఎంత ఉన్నా లోపల ఎముకే అని ఎత్తిపొడవడానికి గీశాడు. లీ ఫాక్ 1936లో మొదలుపెట్టిన ఫాంటమ్ కామిక్స్‌లో పుర్రె ఉంగరం దుర్మార్గుడి దవడ మీద చెరగని ముద్ర వేస్తుంది. ఆ బొమ్మలు చూసి పెరిగినవాళ్లకు పుర్రె అంటే తమవైపు నిలబడే మనిషి గుర్తు. బండి నడిపే కుర్రాడు అడిగేది చాలావరకు ఈ చివరిదే, భయపడను అని చెప్పుకోవడానికి.

ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, గీత గీసే ముందే మీ పుర్రె ఏ మాట చెప్పాలో తెలియాలి. కనుబొమ్మల దగ్గరి ఎముకను లోపలి వైపు కిందికి వంచితే కోపం వస్తుంది, సమంగా ఉంచితే నెమ్మది వస్తుంది. నాకు నెమ్మదిగా ఉన్నదే ఇష్టం. కోరలు, మంటలు, నెత్తురు బొట్లు చేర్చినకొద్దీ బొమ్మ బలం తగ్గుతుంది. ఉత్త పుర్రెను ఎక్కువసేపు చూడబుద్ధవుతుంది.

4. మీ ముఖాన్ని తడుముకుని గీయండి

బొమ్మ కోసం ఎక్కడా వెతకక్కర్లేదు, అది మీ దగ్గరే ఉంది. కళ్లు మూసుకుని బొటనవేలితో కంటి చుట్టూ ఉన్న ఎముకను నెమ్మదిగా తడమండి. గుండ్రంగా ఉండదు. పై అంచు దాదాపు తిన్నగా ఉండి, బయటి వైపు కిందికి వాలుతుంది. పోలీసులు పెట్టుకునే నల్లకళ్లద్దాల ఆకారం. కొత్తవాళ్లందరూ గోళీకాయల్లా గుండ్రంగా గీసేది ఇక్కడే. తర్వాత చెంప ఎముక పట్టుకుని చెవి దాకా వెళ్లండి. పళ్లు బిగించండి, కణత దగ్గర కండ కదులుతుంది కదా, ఆ కండ కింద పుర్రెకు లోతు ఉంటుంది.

ఇప్పుడు కాగితం మీద 8 సెంటీమీటర్ల ఎత్తున, లావు భాగం పైకి ఉండేలా కోడిగుడ్డు గీయండి. సరిగ్గా సగం ఎత్తులో అడ్డగీత. కంటి గుంటలు ఈ గీత మీద కూర్చోవాలి. చాలామంది పైకి జరిపేస్తారు, దాంతో నుదురు లేని కోతి ముఖం వస్తుంది. కనుబొమ్మ నుంచి గడ్డం దాకా ఉన్న దూరంలో సగం దగ్గర ముక్కు రంధ్రం ముగుస్తుంది. దాని ఆకారం తలకిందులు చేసిన రావిఆకు. పళ్ల విషయంలో ఒక్కో పన్ను చుట్టూ గీత గీయకండి, హార్మోనియం మెట్లలా తయారవుతాయి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఒక్క గీత, చిగుళ్ల వైపు చిన్న చిన్న చీలికలు, అంతే.

నడినెత్తి దగ్గర మాత్రం ఒక వంకరటింకర గీత పెట్టండి. పుర్రె ఎముకలు ఒకదానితో ఒకటి పెనవేసుకునే అతుకు అది. పుర్రె మీది ఆ వంకర గీతలే బ్రహ్మ రాసిన రాత అని మా తాత చెప్పేవాడు. పని పూర్తయ్యాక అందరి వేలూ ముందు వెళ్లేది దాని మీదికే.

5. తడపడం

స్పాంజితో తోలుకు రెండు వైపులా సమంగా నీళ్లు పట్టించండి. వెంటనే చెక్కకూడదు. తడిసి ముదిరిన రంగు మళ్లీ తేలికై, దాదాపు మొదటి రంగులోకి వచ్చేదాకా ఆగాలి. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. మరీ తడిగా ఉంటే గీతలు పూడుకుపోతాయి, ఆరిపోతే అచ్చు పడదు. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను కింద కూర్చుంటే పావుగంటలో ఆరిపోతుంది కాబట్టి మధ్యమధ్యలో తడిగుడ్డతో అద్దుతూ ఉండండి. కొట్టేటప్పుడు తోలు సాగకుండా వెనక వైపు టేపు అంటించండి.

ఈ దశలో ఇనుప వస్తువేదీ తోలు మీద వదిలేయకండి. ఒకసారి టీ తాగి వద్దామని లేస్తూ కత్తెరను తడి తోలు మీద పెట్టేసి వెళ్లాను. వచ్చి చూస్తే కత్తెర ఆకారం నల్లగా దిగిపోయింది. తోలులోని టానిన్, ఇనుము కలిస్తే నలుపే. కడిగితే పోలేదు. ఆ నలుపుతోనే పని చేయించుకోవచ్చని తర్వాత తెలిసింది, ఆ సంగతి కిందకి వస్తుంది.

6. కోత, దింపుడు

ట్రేసింగ్ కాగితం తోలు మీద పెట్టి, సిరా లేని పెన్నుతో గీతల వెంట నొక్కండి. తర్వాత స్వివెల్ నైఫ్ చూపుడువేలు కింద పెట్టుకుని మీ వైపు లాగుతూ కోయండి. లోతు తోలు మందంలో మూడో వంతు, అంటే సుమారు ఒక మిల్లీమీటరు. చుట్టుగీత, కంటి గుంటలు, ముక్కు, పళ్ల మధ్య గీత మాత్రమే కోయాలి. చెంపకు, కణతకు కోత వద్దు.

బెవెలర్ అంచును కోతలో ఆనించి చెక్క సుత్తితో తేలిగ్గా కొడుతూ పోండి. ఒక్కో దెబ్బకు దాని వెడల్పులో సగమే జరపాలి, లేకపోతే మెట్లు మెట్లుగా పడుతుంది. చుట్టుగీత దగ్గర బయటి వైపు దింపాలి, కంటి గుంటల దగ్గర లోపలి వైపు. ఇదొక్కటి తారుమారైతే కళ్లు గుంటలు పోవడానికి బదులు ఉబ్బుతాయి. గుంటలో కూడా పై అంచు కింద ఎక్కువ లోతు, కింది అంచు దగ్గర తక్కువ లోతు ఉండాలి. వెలుతురు పైనుంచి పడినప్పుడు నీడ అక్కడే కదా నిలుస్తుంది.

ఆ తర్వాత పేర్ షేడర్‌తో కణతలు, చెంప ఎముక కింది పల్లం. చివరగా మోడలింగ్ స్పూన్‌తో అంచులన్నీ రుద్ది గుండ్రం చేయండి. అరగంటైనా రుద్దాలి. ఏదో ఒక క్షణాన తోలు మాయమై ఎముక కనిపించడం మొదలవుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘడియ అదే. నెత్తి మీది వంకర గీతను కూడా ఈ స్పూన్ మొనతోనే గీయండి, కత్తి వద్దు.

నీడలో ఒక రోజంతా ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర్లు పోతుంది.

7. గుంటలకు నలుపు

ఇక్కడికి కత్తెర మచ్చ కథ తిరిగొస్తుంది. పాత్రలు తోమే ఇనుప పీచు తీసుకోండి, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలుది పనికిరాదు. సబ్బుతో కడిగి జిడ్డు పోగొట్టి, గాజు సీసాలో వెనిగర్ పోసి అందులో వారం నానబెట్టండి. మూత బిగించకూడదు, లోపల హైడ్రోజన్ పుడుతుంది. పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచండి. వారం తర్వాత గుడ్డతో వడగట్టండి. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో ఊరబెట్టి కసిమి అనే రంగునీళ్లు చేస్తారు. కరక్కాయలో తడిపి ఆరబెట్టిన గుడ్డకు అది తగలగానే నల్లబడుతుంది. గుడ్డ మీద అక్కడ జరిగేదే మన తోలు మీదా జరుగుతుంది.

సన్న కుంచెతో కంటి గుంటల్లో, ముక్కులో, పళ్ల మధ్య గీతలో ఈ నీళ్లు పెట్టండి. మొదట బూడిద రంగులో ఉంటుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ పూయకండి, చూస్తుండగానే నల్లబడుతుంది. ఇది తోలు పైన కూర్చునే రంగు కాదు, తోలే నల్లబడిపోతుంది కాబట్టి గోకినా ఊడదు. ముందు తునక మీద వేసి చూశాకే అసలు దాని జోలికి వెళ్లండి. చివర్లో అరలీటరు నీళ్లలో ఒక స్పూను వంటసోడా కలిపి, ఆ నీళ్లతో తుడిస్తే పులుపు విరుగుతుంది. మళ్లీ ఆరబెట్టండి.

8. నూనె, మైనం, కుట్టు

నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె) గుడ్డకు అద్ది ఒక్క పూత పూయండి. మర్నాటికి సమంగా పాకుతుంది. పైన తేనెమైనం వేళ్లతో రుద్ది, పాత నూలుగుడ్డతో మెరిసేదాకా తుడవండి. అంచులు తడిచేసి ముతక గుడ్డతో గట్టిగా రుద్దితే నున్నగా మూసుకుంటాయి.

సంచి మీద కుట్టేటప్పుడు అంచుకు 4 మిల్లీమీటర్లు లోపలగా, 5 మిల్లీమీటర్లకొక రంధ్రం ఆరెతో పొడుచుకోండి. మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, ఒకే రంధ్రంలోంచి అటొకటి ఇటొకటి దూర్చి లాగుతూ కుట్టాలి. ఎక్కడైనా ఒక దారం తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. చివర రెండు రంధ్రాలు వెనక్కి కుట్టి దారం కోయండి.

గోపాలపురం సముద్రపు గాలి తగిలే మా ఊళ్లో వానాకాలం తోలుకు బూజు పడుతుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో దాచకండి. గాలి తగిలేచోట వేలాడదీసి, నెలకోసారి పొడిగుడ్డతో తుడిచి మైనం రాస్తే చాలు.