ఫైలు పేరులో ఖాళీ ఉంటే ఎక్స్‌ఆర్గ్స్ తికమక: నాకు పనిచేసిన దారి

ఒకేలా ఉన్న ఫొటోలను వెతికే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాసుకున్నాను. దాని అవుట్‌పుట్‌ను ఎక్స్‌ఆర్గ్స్‌కి (వచ్చిన పేర్లను మరో కమాండ్‌కి అందించే కమాండ్), అక్కడి నుంచి ఆర్ఎమ్‌కి (ఫైళ్లను చెరిపేసే కమాండ్) పంపితే "పెళ్లి ఫొటో 2.జెపిజి" మూడు ముక్కలైంది. ఏ ముక్క పేరుతోనూ ఫైలు లేదు కాబట్టి బతికిపోయాను.

కోట్లు పెట్టాను, సెడ్‌తో (టెక్స్ట్‌ను మార్చే కమాండ్) ఖాళీల ముందు బ్యాక్‌స్లాష్‌లు చేర్చాను, ఐఎఫ్ఎస్ (షెల్ పదాలను ఎక్కడ విడగొట్టాలో చెప్పే సెట్టింగ్) మార్చాను. ప్రతిసారీ ఏదో ఒక పేరు దగ్గర తన్నేది.

చివరికి పనిచేసింది ఇది. ముందుగా "వెతుకుతున్నాను", "12 దొరికాయి" లాంటి మాటలన్నీ స్టాండర్డ్ ఎర్రర్‌కి (తర్వాతి కమాండ్‌కి వెళ్లని విడి అవుట్‌పుట్ దారి) మళ్లించాను. అవి కూడా ఫైలు పేర్లుగా ఆర్ఎమ్‌కి వెళ్తున్నాయని అప్పుడే తెలిసింది! తర్వాత స్క్రిప్ట్‌కి మైనస్ సున్నా ఆప్షన్ చేర్చాను. అది ఇస్తే ప్రింట్‌లో ఎండ్ విలువ (ప్రతి పేరు చివర పడేది) కొత్త లైను బదులు నల్ బైట్ (విలువ సున్నా ఉన్న బైట్) అవుతుంది. యూనిక్స్‌లో ఫైలు పేరులో ఉండకూడనివి రెండే: స్లాష్, నల్. కొత్త లైను కూడా పేరులో ఉండొచ్చు, అందుకే లైన్లను నమ్మలేం. ఆ తర్వాత ఎక్స్‌ఆర్గ్స్‌కీ మైనస్ సున్నా ఇచ్చాను, అప్పుడది నల్ దగ్గరే పేర్లను విడగొడుతుంది. ఆర్ఎమ్ తర్వాత రెండు మైనస్‌లు పెట్టాను, మైనస్‌తో మొదలయ్యే పేరును ఆప్షన్ అనుకోకుండా. మొదటిసారి ఆర్ఎమ్ బదులు, పేర్లు చూపించడమే తప్ప చెరపని ఎల్ఎస్ పెట్టి చూశాను. భయం మరి.

నేను చూసింది ఉబుంటు లినక్స్‌లోనే. మధ్యలో గ్రెప్ (వెతికేది), సార్ట్ (వరుసలో పెట్టేది) ఉంటే, అవీ నల్‌నే హద్దుగా తీసుకునేలా వాటికి మైనస్ జెడ్ ఇవ్వాలి. గ్నూ ప్రాజెక్ట్ వాళ్ల గ్రెప్, సార్ట్‌లలో అది ఉంది, మీ సిస్టమ్‌లో ఉందో లేదో మాన్యువల్ చూసుకోండి.