ఫ్రెంచి నేర్చుకుందాం – 24వ పాఠం: అప్పటికి అయిపోయి ఉండే పని

ముందుగా పోయిన పాఠం అభ్యాసానికి జవాబులు. 'నేను వస్తాను' – ఝ వ్యేఁద్రే. 'మనం చేస్తాం' – నూ ఫరోఁ. 'వాళ్ళు చూస్తారు' – ఇల్ వెరోఁ. ఈ మూడూ తడుముకోకుండా వచ్చాయంటే ఇవాళ్టి పాఠానికి మీరు సిద్ధం. రాకపోయినా ఫరవాలేదు, అవ్వార్ (కలిగి ఉండడం), ఎత్ర్ (ఉండడం) అనే రెండు క్రియల భవిష్యత్తు రూపాలు నోటికి వస్తే చాలు, ఇవాళ వాటితోనే పని.

రాత పద్ధతి ఎప్పటిదే. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి. 'జ' అంటే జడలో జ. 'ఝ' అని రాసినప్పుడు 'ష' పలుకుతూ గొంతులో నాదం కలపండి. 'యు' వచ్చిన చోట పెదవులు 'ఉ'కి పెట్టి, లోపల 'ఇ' పలకండి.

ఈ వారం కాలం పేరు ఫ్యుత్యూర్ ఆఁతెరియర్. భవిష్యత్తులో ఒక సమయం అనుకుంటాం, ఆ సమయానికి పని అప్పటికే అయిపోయి ఉంటుంది. ఇంగ్లీషు వ్యాకరణం దారిలో వచ్చి దీన్ని పట్టుకోబోయేవాళ్ళు చాలామంది తికమకపడతారు. తెలుగులోంచి నేరుగా వెళ్ళండి, దారి దగ్గర. 'రేపు ఈపాటికి ఊరు చేరి ఉంటాడు' అంటాం. 'ఏమో, ఈపాటికే చేరి ఉంటాడు' అనీ అంటాం. మొదటిది జరగబోయేది, రెండోది జరిగిపోయిందేమోనన్న ఊహ. రెండింటికీ మనకు 'చేరి ఉంటాడు' ఒక్కటే. ఫ్రెంచివాళ్ళూ ఈ రెండు పనులకూ ఒకే రూపం వాడతారు: ఇల్ సరా అరివే. ఇంత దగ్గరి పోలిక దొరకడం అరుదు, వదులుకోకండి.

కట్టే పద్ధతి చూద్దాం. మన 'చేరి' స్థానంలో భూత కృదంతం, 'ఉంటాడు' స్థానంలో సహాయక క్రియ భవిష్యత్తు రూపం. వరస మాత్రం తిరగబడుతుంది, సహాయక క్రియే ముందు. ఫినిర్, అంటే ముగించడం. దాని కృదంతం ఫిని.

ఝొరే ఫిని – నేను ముగించి ఉంటాను
త్యు ఒరా ఫిని – నువ్వు ముగించి ఉంటావు
ఇలొరా ఫిని, ఎలొరా ఫిని – అతను, ఆమె ముగించి ఉంటారు
నూ జొరోఁ ఫిని – మేము ముగించి ఉంటాం
వూ జొరే ఫిని – మీరు ముగించి ఉంటారు
ఇల్ జొరోఁ ఫిని – వాళ్ళు ముగించి ఉంటారు

ఆరు రూపాలున్నా చెవికి మూడే: ఒరే, ఒరా, ఒరోఁ. రాతలో మాత్రం ఆరూ వేరు. ఈ భవిష్యత్తు ప్రత్యయాలు ఎక్కడివో తెలిస్తే రాత కూడా గుర్తుంటుంది. అవి అవ్వార్ క్రియ వర్తమాన రూపాల నుంచే వచ్చాయి. 'ఝే, త్యు ఆ, ఇలా' అని ఎప్పుడో నేర్చుకున్నారు కదా, ఆ తోకలే ఇక్కడ అతుక్కున్నాయి.

తెలుగు సాయం ఇక్కడితో ఆగుతుంది. మనకు 'ఉండు' ఒక్కటే చాలు, వాళ్ళకు సహాయక క్రియలు రెండు. ఎక్కువ క్రియలకు అవ్వార్. వెళ్ళడం, రావడం, చేరడం, బయల్దేరడం, పుట్టడం, చనిపోవడం, పడిపోవడం, ఉండిపోవడం లాంటి కొన్నింటికీ, 'స' చేరిన ఆత్మార్థక క్రియలన్నింటికీ ఎత్ర్. పాసే కోఁపోజే (అయిపోయిన పనిని చెప్పే భూతకాలం) పాఠంలో రాసుకున్న పట్టికే ఇది, కొత్తగా ఏమీ చేరలేదు. ఎత్ర్ రూపాలు: ఝ సరే, త్యు సరా, ఇల్ సరా, నూ సరోఁ, వూ సరే, ఇల్ సరోఁ. మన 'సరే'లాగే పలకండి, కాకపోతే మొదటి అచ్చు తేలిగ్గా తేలిపోవాలి.

ఎత్ర్ వస్తే కృదంతం కర్తతో పొందాలి. 'బయల్దేరి' అనే పార్తికి స్త్రీ అయితే చివర 'ఇ' అక్షరం, బహువచనమైతే 'ఎస్', స్త్రీలే అయితే రెండూ. నాలుగు రూపాలూ చెవికి పార్తియే. అందుకే మాట్లాడేటప్పుడు ఈ తప్పు బయటపడదు, రాసినప్పుడు పడుతుంది. కొన్నిచోట్ల మాత్రం వినిపిస్తుంది. 'చనిపోయి ఉంటాడు' – ఇల్ సరా మోర్. 'చనిపోయి ఉంటుంది' – ఎల్ సరా మోర్త్. ఆ చివరి 'త్' మింగేస్తే ఫ్రెంచివాళ్ళ చెవికి వెంటనే తగులుతుంది. అవ్వార్‌తో కర్తను బట్టి ఏ మార్పూ ఉండదు. కానీ కర్మ క్రియకు ముందుకొస్తే దానితో పొందుతుంది. ఉత్తరం స్త్రీలింగం కాబట్టి 'దాన్ని రాసి ఉంటాను' అన్నప్పుడు ఝ లొరే ఎక్రిత్, ఎక్రి కాదు.

ఇక వాడుక. తేలికైనది గడువు చెప్పడం. ఫ్రాన్స్‌లో ఎన్నికలు ఆదివారం జరుగుతాయి, పెద్ద నగరాల్లో రాత్రి 8 దాకా ఓటు వేయవచ్చు. ఆ వేఁతెర్, తూ లే బ్యురో ద వోత్ ఒరోఁ ఫెర్మే. రాత్రి ఎనిమిదింటికల్లా పోలింగ్ కేంద్రాలన్నీ మూసేసి ఉంటారు. 'లోపల' అనే గడువుకు దిసి వాడండి: దిసి లాఁది, ఝొరే ఫిని. సోమవారం లోపల ముగించి ఉంటాను.

అసలు కష్టమంతా 'తిన్నాక వస్తాను' లాంటి వాక్యాలతోనే. జాగ్రత్తగా చూడండి. ఇంకా తినలేదు, అయినా మనం 'తిన్న' అని భూతకాల రూపం వాడేస్తాం. ఆ అలవాటుతో కాఁ ఝే మాఁఝే అనేస్తాం. అది చెల్లదు. ఫ్రెంచి ఇక్కడ లెక్క కచ్చితంగా చూస్తుంది. రెండు పనులూ జరగాల్సినవే అయితే, ముందు జరిగేదానికి ఇవాళ్టి కాలం, తర్వాతి దానికి మామూలు భవిష్యత్తు. కాఁ ఝొరే మాఁఝే, ఝ వ్యేఁద్రే. 'కాఁ' (-నప్పుడు) లాగే 'దే క', 'ఒసితో క' (రెండూ -గానే), 'యున్ ఫ్వా క' (ఒకసారి అయ్యాక), 'అప్రే క' (అయిన తర్వాత) పక్కన కూడా ఇంతే.

పారిస్‌లో లియోఁకి వెళ్ళే రైళ్ళు బయల్దేరే స్టేషన్ పేరే గార్ ద లియోఁ. 1981లో ఈ మార్గంలోనే తేజేవే అనే అతివేగ రైళ్ళు మొదలయ్యాయి. ఇప్పుడు సుమారు రెండు గంటల ప్రయాణం. రైలెక్కించడానికి వచ్చిన తల్లి కొడుకుతో అంటుంది: దే క త్యు సరా అరివే ఆ లియోఁ, త్యు మపెల్‌రా. లియోఁ చేరగానే ఫోన్ చెయ్యి. ముందు జరిగేది చేరడం కాబట్టి సరా అరివే, తర్వాతిది ఫోన్ కాబట్టి మపెల్‌రా. ఈ ఒక్క వాక్యం కంఠస్థం చేస్తే సూత్రం మళ్ళీ చదవక్కర్లేదు.

'సి' తర్వాత మాత్రం ఈ కాలం పనికిరాదు. 'నువ్వు ముగిస్తే' అనడానికి సి త్యు ఆ ఫిని అనాలి, సి త్యు ఒరా ఫిని అనకూడదు. షరతు వాక్యంలో 'సి' పక్కన భవిష్యత్తు నిలవదు.

ఊహకు ఇదే రైలు. స్నేహితుడి కోసం ప్లాట్‌ఫాం మీద చూస్తున్నారు, అందరూ దిగారు, అతను లేడు. ఇలొరా రాతే సోఁ త్రేఁ – రైలు తప్పిపోయి ఉంటాడు. దిగాల్సింది ఆమె అయితే, ఎల్ స సరా త్రోఁపే ద కే – ప్లాట్‌ఫాం పొరబడి ఉంటుంది. చూశారా, మన వాక్యాన్ని అలాగే ఎత్తి అక్కడ పెట్టవచ్చు. రోజువారీ మాటల్లో మాత్రం 'ఇలా ద్యు రాతే సోఁ త్రేఁ' ఎక్కువ వినిపిస్తుంది. పై రూపానికి కొంచెం పుస్తకాల వాసన ఉంది, అయినా అర్థం కావాలి కాబట్టి నేర్చుకోవాల్సిందే.

మనకు లేని ప్రయోగం ఇంకొకటుంది, నాకు చాలా ఇష్టమైనది. ముగిసిపోయినదాన్ని వెనక్కి తిరిగి తూచి చెప్పడానికి పత్రికలవాళ్ళూ చరిత్రకారులూ ఈ కాలమే వాడతారు. ఫ్రెంచి రచయిత విక్తోర్ ఉగో 1802లో పుట్టి 1885లో పోయాడు. ఉగో ఒరా వేక్యు కత్రవేఁత్ర్వా జాఁ. ఇక్కడ 'బతికి ఉంటాడు' అని తెలుగు చేస్తే అనుమానం ధ్వనిస్తుంది, ఫ్రెంచిలో అనుమానమే లేదు. 'మొత్తం మీద ఎనభై మూడేళ్ళు బతికాడు' అన్న నిశ్చయం ఉంది. చదివేటప్పుడు ఊహా నిశ్చయమా అన్నది సందర్భమే చెప్పాలి.

వ్యతిరేకార్థానికి 'న', 'పా' రెండూ సహాయక క్రియకు అటూ ఇటూ వస్తాయి: ఝ నొరే పా ఫిని.

కెనడా కోసం టెఫ్, టీసీఎఫ్ అనే ఫ్రెంచి పరీక్షలు రాయబోయేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఝొరే అన్నదాన్ని రాసేటప్పుడు చివర 'ఐ'తో ఆపేయండి. పొరపాటున 'ఎస్' చేర్చారా, అది 'ముగించి ఉండేవాణ్ణి' అనే వేరే రూపమైపోతుంది. చాలామంది నోట ఆ రెండూ ఒకేలా వినిపిస్తాయి కాబట్టి చెవిని నమ్ముకుని రాయవద్దు.

అభ్యాసం. వీటిని ఫ్రెంచిలోకి మార్చి పైకి చదవండి, తర్వాత అసలు వర్ణక్రమంతో నోటుపుస్తకంలో రాయండి.

1. మధ్యాహ్నానికల్లా మేము తినేసి ఉంటాం.
2. ఆమె మర్చిపోయి ఉంటుంది.
3. వాళ్ళు బయల్దేరాక నేను నిద్రపోతాను.
4. నువ్వు ఈ పుస్తకం చదివాక నాకిస్తావు.
5. సోమవారం లోపల ఆ అమ్మాయిలు వచ్చేసి ఉండరు.

అయిదోదానిలో 'పా' ఎక్కడ పెడుతున్నారో, కృదంతం చివర ఏ అక్షరాలు చేరుస్తున్నారో చూసుకోండి. జవాబులు 25వ పాఠంలో. అందులో ఆ 'ఎస్' చేరిన రూపాన్ని, 'ముగించి ఉండేవాణ్ణి'ని, అందుకుందాం.