పాలు మాన్పించిన పంది పిల్లల దాణా – 4వ పాఠం: ప్రోటీన్ పెరిగింది, లైసిన్ పోయింది

మొక్కజొన్న బదులు గోధుమ వాడడం కిందటి పాఠంలో చూశాం. వాడినవాళ్లలో చాలామందికి ఒకటే చిక్కు: పిల్లలు బాగానే తింటున్నాయి, బరువు మాత్రం రావట్లేదు. తప్పు గోధుమది కాదు. ప్రోటీన్ ఎక్కువుంది కదా అని సోయా చెక్కలో కోత పెట్టారు. ముందు అది సరిచేద్దాం.

వంద కిలోల దాణాలో 50 కిలోల మొక్కజొన్న, 4 కిలోల సోయా చెక్క తీసేసి 54 కిలోల గోధుమ వేశారనుకోండి. ప్రోటీన్ గోధుమలో 12 శాతం, మొక్కజొన్నలో 8.2, సోయాలో 46. కూడితే అరకిలో పెరిగింది! ఇప్పుడు లైసిన్ చూడండి; ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో ఇదొకటి. గోధుమతో కిలోకు 3.6 గ్రాముల చొప్పున 194 గ్రాములు వచ్చింది. మొక్కజొన్నతో కిలోకు 2.5 చొప్పున 125, సోయాతో కిలోకు 29 చొప్పున 116 పోయింది. అంటే 47 గ్రాముల లోటు. ధాన్యం దాణాలో ముందుగా కొరత పడేది లైసినే. అది చాలకపోతే తక్కిన ప్రోటీన్ ఎంతున్నా కండ పట్టదు. అరగని ప్రోటీన్ పెద్దపేగులో పులిసి పారుడు కూడా తెస్తుంది. సంచి మీద ప్రోటీన్ శాతం చూసి సోయా తగ్గించకండి, దయచేసి.

తగ్గించి తీరాలంటే పై 47 గ్రాముల లోటుకు లైసిన్ హైడ్రోక్లోరైడ్ పొడి 60 గ్రాములు కలపాలి; అందులో లైసిన్ 78 శాతమే. గుప్పెడు పొడిని వంద కిలోల మీద చల్లితే ఒకచోటే ఉండిపోతుంది. ముందు కిలో పిండిలో, తర్వాత ఐదు కిలోల్లో, ఆపైన మొత్తంలో కలపండి. త్రియోనిన్ అనే మరో అమైనో ఆమ్లానికీ ఇలాగే లెక్క కట్టాలి.

గోధుమను మరీ మెత్తగా ఆడించొద్దు. మూతికి, తొట్టికి బంకలా అంటుకుంటుంది, కడుపులో పుండ్లు పడతాయి. జొన్నకు జల్లెడ పెద్దదైతే చిన్న గింజలు నలగకుండానే దిగిపోతాయి. పేడలో గింజ కనబడితే జల్లెడ మార్చండి. రంగు చూసి జొన్నలో టానిన్ (ప్రోటీన్‌ను సరిగా అరగనివ్వని వగరు పదార్థం) ఉందని తేల్చేయొద్దు, ఎర్రజొన్నల్లోనూ టానిన్ లేనివి ఉన్నాయి. బార్లీలో పీచు ఎక్కువ, మొదట్లో కొద్దిగానే వేయండి. పాలు మాన్పించిన తొలి వారానికి మాత్రం నా ఓటు బియ్యపు నూకలకే: పీచు తక్కువ, పిండిపదార్థం తేలిగ్గా అరుగుతుంది.

అభ్యాసం: సోయా ముట్టుకోకుండా 50 కిలోల మొక్కజొన్న బదులు 30 కిలోల జొన్న (లైసిన్ కిలోకు 2 గ్రాములు), 20 కిలోల గోధుమ వేయండి. లైసిన్ పెరిగిందా, తగ్గిందా, ఎన్ని గ్రాములు? తర్వాత అదే దాణాలో సోయా 3 కిలోలు తగ్గించి, ఆ చోటు జొన్నతో నింపి, ఎంత పొడి కావాలో తేల్చండి.